కుండ గుర్తు లైటు

తాడిపత్రి రోడ్డు మీద నేను నడపని బండి లేదు. ట్రాక్టరు నడిపాను, జీపు నడిపాను, బండలు మోసే లారీ నడిపాను, ఎర్ర బస్సు నడిపాను. ఎన్నికలప్పుడు ఒకసారి మా పక్క ఊరి మైదానంలో హెలికాప్టరు దిగితే, దాన్ని కాస్త నీడకు జరిపి పెట్టింది కూడా నేనే.

హెలికాప్టరు అబద్ధం. బస్సు కూడా అబద్ధమే. లారీలో డ్రైవరు పక్కన కూర్చుని పోయాను తప్ప స్టీరింగు ముట్టుకోలేదు. ట్రాక్టరు మాత్రం మాదే, జీపు కూడా మాదే. శెనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగి రాని కరువు ఏళ్లలో, లోపల కూర్చున్నవాళ్లకన్నా బయట వేలాడేవాళ్లను ఎక్కువ మందిని ఎక్కించుకుని ఆ జీపును అనంతపురానికి తోలి ఇల్లు గడిపాను. ఇది నిజం.

నా మాట ఎప్పుడూ రెండు మూరలు ఎక్కువ ఉంటుందని ఊళ్లో అందరికీ తెలుసు. అందరికన్నా బాగా నా భార్యకు తెలుసు. ఆమె మా అక్క కూతురు. నా కోతలు వింటూనే పాకింది, వింటూనే నడిచింది, పెళ్లయ్యాక కూడా నన్ను మామా అనే పిలిచింది. అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని నేను ఏదైనా చెప్పడం మొదలుపెడితే, ఆమె నా వెనక నిలబడి అరచేతిని నేలవైపు తిప్పి మెల్లగా కిందికి దించేది. మామ చెప్పేది కాస్త తగ్గించుకుని వినండి అని దాని అర్థం. వాళ్లు నవ్వేవాళ్లు. ఎందుకు నవ్వుతున్నారో నాకు చాలా ఏళ్లు తెలియలేదు. తెలిశాక మానుకున్నానా అంటే అదీ లేదు.

ఆమె కిడ్నీలు పనిచేయడం లేదని తేలిన ఏడాది మా కూతురూ అల్లుడూ కొత్త కారు కొనుక్కుని పాతది మాకిచ్చారు. వాళ్లుండేది తాడిపత్రిలో. మా ఊరు తాడిపత్రికీ అనంతపురానికీ నడుమ, పెద్ద రోడ్డుకు కాస్త లోపలికి. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే లేచి ఆమెను అనంతపురం ఆస్పత్రికి తీసుకుపోవాలి. అక్కడ చేతికి లావుపాటి సూదులు గుచ్చి, ఒంట్లో రక్తాన్ని మిషనులోకి తీసి, కడిగి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించేవాళ్లు. మధ్యాహ్నం దాకా పట్టేది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె పిండి పారేసిన గుడ్డలా సీట్లో పడి ఉండేది. ఇంటికొచ్చాక చీకటి పడేదాకా లేచేది కాదు.

అన్నిటికన్నా కష్టం నీళ్లు. రోజు మొత్తానికి ఇంతే తాగాలని ఒక చిన్న సీసా చూపించారు. ఏళ్ల తరబడి మబ్బున, తెల్లవారకముందే లేచి బోరు దగ్గర వరుసలో నిలబడి, తలమీద ఒక బిందె, చంకలో ఒక బిందె మోసిన మనిషి ఆమె. ఇప్పుడు వాకిట్లోనే కొళాయి ఉంది. తిప్పితే నీళ్లొస్తాయి. తాగడానికి లేదు. మధ్యాహ్నం పూట కొంగు తడిపి పెదాలకు అద్దుకుంటూ కూర్చునేది.

దారిలో బుక్కరాయసముద్రం చెరువు వస్తుంది. ఎంత నీరసంగా ఉన్నా కట్ట దగ్గరికి రాగానే తలెత్తేది.

"నీళ్లు యాడికుండాయి మామా?"

"అబ్బో! కట్ట తెగేట్టుండాయి."

అరచెయ్యి కిందికి దిగేది.

"సరేలే, నడుమ దాకా ఉండాయి."

ఇంకాస్త దిగేది.

"ఆ మూల తుమ్మచెట్ల కాడ రవ్వంత ఉండాయి. సాలునా?"

"సాలు," అని మళ్లీ కళ్లు మూసుకునేది.

ఎండలు ముదిరే రోజుల్లో ఒక మంగళవారం బండి తాళం తిప్పగానే స్టీరింగు వెనకాల పసుపురంగు దీపం ఒకటి వెలిగింది. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"అదేంది మామా, కొత్తగా ఎలుగుతాండేది?"

"అదా? ఇంజను బ్రమ్మాండంగా ఉండాదని చెప్పేది."

"బాగుంటే ఎవురన్నా దీపం పెట్టి చెప్తారా?" అని ముందుకు వంగి చూసింది. "కుండ మాదిరుండాది. మూతలేని కుండ. లోపల సూడు, ఒగే ఒగ చుక్క నీళ్లుండాయి."

నాకు ఆ గుర్తు గుర్రపు నాడాలాగా, మధ్యలో ఎవరో అరిచినట్టు ఒక నిలువు గీత, దాని కింద చుక్కలాగా కనిపించింది. ఆమె చెప్పాక కుండే కనిపించింది. ఈ రోజుకూ అంతే.

కూతురికి ఫోను చేస్తే, "అది టైర్లలో గాలి తక్కువుండాదని చెప్పే లైటు నాయనా. గాలి పట్టించు, దానంతటదే ఆరిపోతాది," అంది. ఇంతేనా అనుకున్నాను. పెద్ద రోడ్డు మలుపు దగ్గర పంక్చరు అంగడి ఉంది. అతనికి నా జీపు కాలం నుంచీ నేను తెలుసు. నాలుగు టైర్లకూ గాలి పట్టాడు. కొంతదూరం పోయాక దీపం ఆరిపోయింది. "సూడు, నేను ముట్టుకుంటే బండ్లు మాట వింటాయి," అన్నాను. ఆమె అరచెయ్యి కిందికి దించింది.

శుక్రవారం పొద్దున బండి తిప్పితే మళ్లీ కుండ.

ఈసారి పంక్చరాయన సబ్బునీళ్లు కలిపి టైర్లన్నిటి మీదా పోశాడు. బుడగ రాలేదు. గాలి పట్టే మూతి మీద ఉమ్మి రాసి చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. టైర్లలో గుచ్చుకున్న రాతి పలుకులను స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కటే పీకాడు. తాడిపత్రి బండల లారీలు తిరిగే రోడ్డు, పలుకులకు కొదవ లేదు. ఒక్కటీ లోపలికి దిగలేదు.

"గాలి యాడికీ పోలేదన్నా. ఇవన్నీ కంప్యూటరు బండ్లు. మన ఎండకు దానికి తలకాయ తిరుగుతాండాదేమో."

"నా తలకాయ కూడా తిరుగుతాంది. దానికి యా లైటూ ఎలగదే?"

"నీకు ఎలిగేది ఏపొద్దో కాలిపోయింటుందిలే అన్నా," అన్నాడు. వెనకసీట్లో పడుకున్న నా భార్య నవ్వింది. సూదులు పెట్టించుకోవడానికి పోతూ ఆమె నవ్వడం నేను చాలా రోజులకు విన్నాను.

సాయంత్రమైతే నా పనులు నాకుంటాయి. కోళ్లను గంప కింద మూయాలి. బర్రెకు కుడితి పెట్టాలి. వాకిట్లో నీళ్లు చల్లాలి. ఎండాకాలమైతే బండి టైర్లను బొటనవేలితో ఒత్తి చూసి, గట్టిగా ఉంటే వేపపుల్లతో మూతి నొక్కి కాస్త గాలి వదలాలి. నాకు జీపు నేర్పిన ముసలి డ్రైవరు నేర్పిన పద్ధతి అది. మా ఎండకు రోడ్డు పెనంలా కాలుతుంది, టైరులో గాలి ఉబ్బుతుంది, ఉబ్బితే పగులుతుంది. కాబట్టి ఉగాది దాటినప్పటి నుంచీ గాలి దించి తోలాలి. ఈ పక్క పాత డ్రైవర్లందరం అంతే. జీపును అలాగే తోలాను, ట్రాక్టరు ట్రాలీని అలాగే తోలాను. ఒక్క టైరూ పగల్లేదు.

రెండు పగిలాయి. కానీ అవి అరిగిపోయిన టైర్లు.

ఆ వారం తిరిగి వచ్చే దారిలో బండల లారీ ఒకటి పక్కకు ఒరిగి ఉంది. వెనక టైరు చీలికలుగా చీలి రోడ్డంతా పడింది. పాలిషు బండలు విరిగి ఎండకు తళతళమంటున్నాయి. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని నీడలో కూర్చున్నాడు, దెబ్బలేమీ లేవు. ఆమె దాన్ని వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఇంటికొచ్చి దిగుతూ అంది.

"మామా, ఆ కుండ ఆరిందాకా నేనీ బండెక్కను."

"పిచ్చిదానా, మిషను మానుకుంటావా?"

"లైటు ఆర్పు, ఎక్కతా. నేనేమీ రానని చెప్పలేదే."

మిషను మానుకుంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆస్పత్రిలో మా పక్క మంచం ఆయన పంట పని ఉందని ఒక వారం రాలేదు. ఆ తర్వాత ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. అందుకే మంగళవారం వచ్చేసరికి నాకు ఒక ఉపాయం తట్టింది. ఆమె బొట్టుబిళ్లల అట్టలోంచి పెద్ద నల్ల బిళ్ల ఒకటి తీసి, సరిగ్గా ఆ కుండ మీద అంటించాను. బండి తిప్పితే దీపం లేదు.

"రా, సూడు. ఆరిపోయింది. రాత్రంతా కూచొని ఇంజను విప్పి బాగు చేసినా."

ఎక్కింది. నా పక్క సీట్లో కూర్చుని బుక్కరాయసముద్రం దాకా ఆ దీపం చోటునే చూస్తూ వచ్చింది. చెరువు రాగానే తలెత్తింది, కానీ నీళ్లవైపు చూడలేదు. చెయ్యి చాచి స్టీరింగు వెనక గోటితో గీకింది. బిళ్ల ఊడి వచ్చింది. వెనకాల కుండ వెలుగుతూనే ఉంది.

"నీ యవ్వ, నా బొట్టు తీసి బండికి పెడతావా? బతికుండేది నేనా బండా?" అని పకపకా నవ్వి, ఆ బిళ్లను తన నుదుటికి అంటించుకుంది. బంక పోయి అది నిలవలేదు. ఆస్పత్రి మెట్ల దాకా రెండుసార్లు జారిపోతే రెండుసార్లూ ఏరుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ రోజు మిషను మీద ఉన్నంతసేపూ నర్సులకు నా కథే చెప్పిందట. నేను బయట బెంచీ మీద కూర్చుని, ఇంక మోసం నడవదని లెక్కేసుకుంటున్నాను.

గురువారం ఒక్కడినే కారు వేసుకుని అనంతపురంలో కార్లు బాగుచేసే పెద్ద షెడ్డుకు పోయాను. ఒడిలో కంప్యూటరు పెట్టుకుని ఒకతను బండిలో కూర్చున్నాడు. మంచివాడు, ఓపికగా అడిగాడు. ప్రతి టైరు లోపలా గాలిమూతికి అంటుకుని ఒక చిన్న డబ్బీ ఉంటుందట. లోపల గాలి ఎంతుందో అది బండికి చెబుతూ ఉంటుందట. బండి తిప్పగానే దీపం కాసేపు మిణికి తర్వాత నిలబడితే ఆ డబ్బీ చెడినట్టు. మొదటినుంచీ నిలకడగా వెలిగితే నిజంగానే గాలి తక్కువున్నట్టు.

"మీకు ఎట్ల ఎలుగుతాంది పెద్దాయనా? మిణుకుతాందా, నిలకడగా ఉండాదా?"

"మిణుకుతాది," అన్నాను. "మిణుకుతాదంటే అట్లా ఇట్లా కాదు. పెండ్లి పందిట్లో సీరియల్ లైట్ల మాదిరి మిణుకుతాది. చూస్తే కండ్లు పోతాయి."

అది ఒక్కసారి కూడా మిణకలేదు. దేవుని గూట్లో దీపంలా కదలకుండా వెలిగేది. కానీ ఆ మాట చెబితే మళ్లీ గాలే పట్టి పంపించేస్తారు. గాలి పట్టించి చూశాను కదా, మూడోనాటికి మళ్లీ వెలిగింది. జబ్బు పెద్దదని చెబితే మందు పెద్దది వేస్తారనుకున్నాను. ఆమె విషయంలో కూడా ఆస్పత్రిలో నేను అట్లాగే చెప్పేవాడిని. కాస్త తల తిరిగిందంటే స్పృహ తప్పిందని చెప్పేవాడిని.

అతను నా మాట నమ్మాడు. ఒక టైరు విప్పించి, పాతబడిన డబ్బీ తీసి కొత్తది వేయించాడు. నాలుగింటికీ గాలి సరిచేశాడు. షెడ్డు బయటికి రాకముందే దీపం ఆరిపోయింది. దారిపొడుగునా దాన్నే చూస్తూ వచ్చాను. ఇంటి ముందు ఆపి ఆమెను పిలిచి చూపించాను. వంగి చూసి, "ఊ. ఆరింది. రేపు ఎక్కతాలే," అంది. ఆ సంతోషంలో కోళ్లను మూశాను, బర్రెను చూశాను, నీళ్లు చల్లాను, టైర్లు ఒత్తి చూశాను. షెడ్డువాళ్లు రాయిలా పట్టించారు. వేపపుల్ల తెచ్చి నాలుగింటిలోనూ దించాను.

శుక్రవారం పొద్దున కుండ వెలిగింది.

ఆమె తలుపు దాకా వచ్చి, చూసి, వెనక్కి పోయి మంచం మీద పడుకుంది. బతిమాలాను. తిట్టాను. ఆటో పిలుస్తానన్నాను. "ఆటోలో అంతదూరం నా ఒళ్లు తట్టుకోదు మామా," అంది, అది నిజమే. కూతురికి చెప్తానంటే, "చెప్పినావంటే నా మీద ఒట్టు," అంది. మంగళవారం దాకా ఏమీ కాదులే అనుకున్నాను.

ఆదివారానికి కాళ్లు పొంగాయి. ముఖం పొంగింది. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు ఆనుకుని కూర్చుంది. మాట్లాడితే మధ్యలో మాట తెగిపోతోంది. ఒట్టు సంగతి వదిలేసి ఫోను చేశాను. కూతురూ అల్లుడూ వాళ్ల కారులో వచ్చి తీసుకుపోయారు. దారిపొడుగునా కూతురు వాళ్లమ్మను పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో నా వైపు తిరిగి, "ఒగ లైటు కోసం మా యమ్మను సంపేస్తావా నాయనా?" అంది.

కొన్నాళ్లుంచి పంపించారు. తిరిగి వచ్చేది కూడా అల్లుడి బండిలోనే. మా కారు వాకిట్లోనే ఉంది, దుమ్ము పట్టి. ఆ సాయంత్రం ఆమెను వాకిట్లో నులకమంచం మీద కూర్చోబెట్టి, నేను కోళ్లను మూసి, అలవాటు కొద్దీ వేపపుల్ల తీసుకుని కారు దగ్గర గొంతుక్కూర్చున్నాను. బొటనవేలితో ఒత్తితే మెత్తగానే ఉంది.

"ఇంగా ఎంత ఇడుస్తావు మామా?" అంది వెనకనుంచి.

"ఏమి?"

"గాలి."

వేపపుల్ల చేతిలో అట్లాగే ఉంది. నేను తిరిగి చూశాను. ఆమె నన్నే చూస్తోంది, నవ్వడం లేదు.

"ఆడ గాలి పట్టిచ్చేది, ఈడికొచ్చి ఉస్సుమని ఇడిసేది. కుండ ఎలగకుండా ఏంజేస్తాది? నువ్వు సందకాడ టైరుకాడ కూచునేది నాకు కనపడదా?"

నేను ఆ సంగతి పంక్చరాయనకు చెప్పలేదు. షెడ్డులో చెప్పలేదు. దాచి కాదు. తల దువ్వుకున్నానని డాక్టరుకు ఎవరైనా చెబుతారా? ఎండాకాలం గాలి దించడం నాకు అట్లాంటి పని. ఆ దీపం వెలిగిన మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది.

"మొదట్నుంచీ తెలుసా నీకు?"

"మొదట్నుంచీ."

"మరి చెప్పలేదేమి?"

"చెప్తే ఆరిపోతాది గదా."

కాసేపటికి గానీ ఆ మాట నా బుర్రకెక్కలేదు. టైరుకు ఆనుకుని నేలమీదే కూర్చున్నాను.

"నాకు సాలు మామా," అంది. "రాను అంటే నువ్వు ఇనవు, బిడ్డ ఇనదు. లైటు ఎలుగుతాందని చెప్తే ఎవురూ నన్ను ఏమీ అనరనుకున్నా. ఊపిరాడకుండా అట్లయితాదని తెల్దు. భయమైంది."

"డాక్టరు నీకు ఇంగా ఇరవై ఏండ్లు ఢోకా లేదన్నాడే. మన మునిమనవని పెండ్లి కూడా నువ్వే..."

అరచెయ్యి లేచింది. నేలవైపు తిరిగింది. మెల్లగా, మంచం పట్టె దాకా దిగింది. అయినా అక్కడ ఆగలేదు.

"ఒక్కసారి ఉండేది ఉన్నెట్టు చెప్పు. ఏమన్నాడు?"

చెప్పాను. గుండె బాగా అలిసిపోయిందన్నాడు. మిషను పెడితే కొంతకాలం నెట్టుకు రావచ్చు, ఎంతకాలమో తాను చెప్పలేనన్నాడు. ఆమెకు మరీ కష్టంగా ఉంటే ఆమెనే అడగండి అని కూడా అన్నాడు. ఆ చివరి మాటను నేను ఇంటిదాకా తీసుకురాలేదు. దాని బదులు ఇరవై ఏళ్లు తెచ్చాను.

గంప కింద కోళ్లు సర్దుకుంటున్నాయి.

"లైటు ఆర్పు," అంది చివరికి. "మాటిచ్చినా గదా, ఎక్కతా. డాక్టరుతో నేనే మాట్లాడతా."

తెల్లవారుజామున, ఎండ తగలకముందే, కారు డిక్కీ తెరిచాను. అల్లుడు పెట్టి ఇచ్చిన చిన్న గాలి మిషను ఒకటి ఇన్నాళ్లూ అక్కడే సంచిలో పడి ఉంది. డ్రైవరు వైపు తలుపు తీస్తే, పక్క కమ్మీ మీద ఎంత గాలి ఉండాలో అంకె రాసి అంటించి ఉంది. అదీ మొదటినుంచీ అక్కడే ఉంది. నాలుగు టైర్లకూ ఆ అంకె వచ్చేదాకా పట్టి, పెద్ద రోడ్డు దాకా పోయి వచ్చాను. దీపం ఆరిపోయింది. వేపపుల్లను పొయ్యిలో వేశాను.

డాక్టరు ముందు ఆమె కొంగు సర్దుకుని, "మానుకుంటే ఏమైతాది సామీ?" అని అడిగింది. ఆయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఊపిరి కష్టం కాకుండా మందులు ఇవ్వవచ్చని కూడా చెప్పాడు. కూతురు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆమె కూతురి తల నిమురుతూ, "ఏడవద్దులేమ్మా. బుక్రాయసముద్రం చెరువుకు కొత్తనీళ్లొచ్చిందాకా వస్తా. ఆపైన నన్ను అడగద్దండి," అంది.

అప్పటినుంచీ మంగళవారం, శుక్రవారం తప్పలేదు. దీపం మళ్లీ వెలగలేదు. చెరువు దగ్గర ఆమె తలెత్తేది, అడిగేది. నేను చెప్పేవాడిని. అబద్ధం చెప్పవలసిన పని లేదు; ఆ ఏడు వానలు ఎప్పటిలాగే మొఖం చాటేశాయి. చెరువులో పగుళ్లు తీసిన మన్ను, మేకలు. వాన పడకూడదని కోరుకున్న రైతును ఈ జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. ఇందులో రవ్వంత కూడా పెంచలేదు. పైన మబ్బు నల్లబడేది. పక్క చేనాయన మొగులు చూసి దండం పెట్టుకుంటుంటే, నేను గాలి ఆ మబ్బును అవతలికి తోసుకుపోవాలని చూసేవాడిని.

తర్వాత పడింది. రెండు రాత్రులు ఆగకుండా పడింది. శుక్రవారం కట్ట దగ్గరికి వచ్చేసరికి చెరువు కళకళలాడుతోంది. ఎర్రటి కొత్తనీళ్లు తుమ్మచెట్ల మొదళ్లు ముంచి, ఇవతలి గట్టు దాకా వచ్చాయి. ఆమె కళ్లు మూసుకునే ఉంది. బండిని కాస్త జోరు చేశాను.

"నీళ్లు యాడికుండాయి మామా?"

"యాడ నీళ్లు? బురద. మేకలు కూడా తాగవు."

ఆమె కళ్లు తెరవలేదు. కిటికీలోంచి తడి గాలి వస్తోంది. ఆమె చెయ్యి ఒళ్లోంచి లేచింది. అరచేతిని ఈసారి ఆకాశం వైపు తిప్పి, మెల్లగా పైకి ఎత్తింది.

"యాడో నడుమ దాకా ఉంటాయేమో," అన్నాను.

ఇంకా ఎత్తింది.

"గట్టు దాకా ఉండాయి," అన్నాను. "నిండుగా ఉండాయి."

"బండి నిలుపు."

నిలిపాను. దిగలేదు. అద్దం దించుకుని చూస్తూ కూర్చుంది. వెనక లారీలు హారను కొడుతూ దాటిపోతున్నాయి. చాలినంత చూశాక, "ఈ పొద్దుకు పోదాం. ఇదే కడాకరు, ఇంగ రాను," అంది.

ఇంటికొచ్చాక ఇత్తడి చెంబు నిండా నీళ్లడిగింది. కుండలో నీళ్లు ముంచి ఇచ్చాను. గుక్క తిప్పుకోకుండా తాగింది. గడ్డం మీద కారినవి కూడా చేత్తో తుడిచి నోట్లోకి తీసుకుంది. "ఎంత సల్లగుండాయో," అంది. ఊరుబిండితో సంగటి అడిగింది. శెనక్కాయలు నూరి చేసే ఆ పచ్చడి డాక్టరు ఆమెకు వద్దన్న వాటిలో మొదటిది. రెండు ముద్దలు తిని చాలంది. డాక్టరిచ్చిన మందులు వాడుతూ ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. కూతురు వచ్చి పక్కనే ఉంది. ఊపిరి బరువైంది గానీ మునుపటిలా భయపడలేదు. చివరి రోజు ఎవరో చుట్టం పలకరించడానికి వస్తే, చెరువు గురించి నేను ఏదో చెబుతున్నాను, కట్ట తెగిందనో ఏదో. మంచం మీద ఆమె వేళ్లు మాత్రం కదిలి, కిందికి ఒత్తాయి.

మూడోనాడు సమాధి దగ్గర ఆమెకు ఇష్టమైనవి పెట్టాలి. అందరూ తలా ఒకటి తెచ్చారు. నేను అదే ఇత్తడి చెంబుతో నీళ్లు తీసుకుపోయాను. పెద్దవాళ్లు, నీళ్లు ఎట్లాగూ చల్లుతారు గదా, ఇంత చెంబు ఎందుకన్నారు. అంతా పోసి వచ్చాను.

చలి మొదలైన రోజుల్లో, కూతురిని చూసి వద్దామని పొద్దున్నే బండి తిప్పితే, కుండ వెలిగింది. మొన్నటి దాకా లేదు. నేను గాలి ముట్టుకోలేదు. ఆ దీపం ముందు ఇంజను ఆపకుండా కొంచెంసేపు కూర్చున్నాను. మూతలేని కుండ, లోపల ఒక చుక్క.

గాలి మిషను డిక్కీలోనే ఉంది. అయినా మలుపు దగ్గరికి పోయాను. పంక్చరాయన పైపు లాగుతూ వచ్చాడు. నేను ఈ పక్కకు వచ్చి చాలా రోజులైంది, అతనికి తెలియదు.

"ఏమన్నా, మళ్లా ఎలిగిందా? మిణుకుతాందా?"

"లేదప్పా. నిలకడగానే ఉండాది."

"సలికి గాలి తగ్గింటాది. అక్క యాడ? బండి మీద అలిగిందంట గదా, ఇంగా అట్లే ఉందా?"

"పోయిందప్పా. చెరువు నిండినాక."

అతను పైపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నా నోటినుంచి ఇంకా ఏదో వస్తుందని చూశాడు. నా సంగతి తెలిసిన ఎవరైనా అట్లాగే చూస్తారు. నేను ఏమీ కలపలేదు. కాసేపటికి అతనే వంగి, మొదటి టైరు మూత విప్పాడు.

"ఎంత పెట్టమంటావన్నా?"

నేను తలుపు తీసి పట్టుకున్నాను.

"ఈడ రాసుండేది ఎంతుంటే అంతే పెట్టు," అన్నాను.